బయోస్ కెలకాలా, వద్దా?

తెనాలిలో ఒక కంప్యూటర్ రిపేరు షాపు. పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు చేసే స్టూడియో వాళ్ల మిషన్ బల్ల మీద మూత విప్పి ఉంది. లోపల ఇంటెల్ ఐ9 13900కె ప్రాసెసర్, జెడ్790 బోర్డు. 2023లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కొన్నది. స్టూడియో కుర్రాడు అడిగిన పని ఒక్కటే, కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించమని. షాపు మామయ్యది. మేనకోడలు హైదరాబాద్‌లో ఒక కంపెనీ కంప్యూటర్ల భద్రత చూస్తుంది, సెలవుకి వచ్చింది. ఎస్‌ఎస్‌డీ బిగించడం అయిపోయింది. మాట అక్కడ మొదలైంది.

మేనకోడలు: మూత బిగించకు మామయ్యా. ఈ బోర్డులో బయోస్ ఇంకా 2023దే. అప్‌డేట్ చేసి పంపిద్దాం.

మామయ్య: ఎందుకమ్మా? వాడు ఎస్‌ఎస్‌డీ అడిగాడు, బిగించాను. విండోస్‌లో కనపడుతోంది. నడుస్తున్నదాన్ని కెలకడం మన షాపులో ఆచారం కాదు.

మేనకోడలు: ఆచారం సరే, కారణం చెప్పు.

మామయ్య: చాలా చిన్న కారణం. నేను ముట్టుకోకుండా పంపితే, ఆర్నెల్ల తర్వాత ఇది పోయినా నన్నెవరూ ఏమీ అనరు. ముట్టుకున్నాక ఇవాళ సాయంత్రం పోయిందంటే నేనే పోగొట్టినట్టు. ఎస్‌ఎస్‌డీ బిగించినందుకు నాకొచ్చే కూలెంత, ఆ బోర్డు ఖరీదెంత? పైగా ఆషాఢం అయిపోవస్తోంది. శ్రావణం ముహూర్తాలు మొదలైతే వాడికి ఊపిరాడదు. జ్యేష్ఠంలో అయిన పెళ్లిళ్ల ఆల్బమ్‌లే ఇంకా ఇవ్వలేదు. ఈ సమయంలో మిషన్ ఆగిపోతే పెళ్లికూతురి తండ్రి వాడి మీద పడతాడు, వాడొచ్చి నా మీద పడతాడు.

మేనకోడలు: నువ్వు మాట్లాడేది కంప్యూటర్ గురించి కాదు, నింద గురించి. చేసి చెడగొట్టినవాడు అందరికీ కనపడతాడు. చెయ్యక జరిగే నష్టం మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు, ఫలానా రోజు జరిగిందని కూడా తెలియదు. అంతమాత్రాన అది లేనట్టేనా?

మామయ్య: షాపు పెట్టుకున్నవాడికి నింద కూడా ఖర్చే తల్లీ. నీ చేతిలో ఒక ల్యాప్‌టాప్ పోతే కంపెనీ ఇంకోటి తెచ్చి పెడుతుంది. సరే, నింద సంగతి వదిలెయ్. పని సంగతే మాట్లాడదాం. బయోస్ ఉండేది ఇదిగో, ఈ ఎనిమిది కాళ్ల చిప్పులో. ఇది ఫ్లాష్ మెమరీ. పాత రాత మీద కొత్త రాత నేరుగా ఎక్కదు. ముందు ఒక్కో బ్లాకూ చెరపాలి, ఆ తర్వాత రాయాలి. చెరిపాక, రాసేలోపు కరెంటు పోయిందనుకో. పవర్ బటన్ నొక్కగానే ప్రాసెసర్ మొట్టమొదట చదవాల్సిన చోట ఏమీ ఉండదు. ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ రాదు. విండోస్ చెడిపోతే పెన్‌డ్రైవ్ పెట్టి మళ్లీ ఎక్కిస్తాం. ఇది చెడిపోతే ఆ పెన్‌డ్రైవ్‌ను చదివే నాథుడే ఉండడు.

మేనకోడలు: యూపీఎస్ ఉందిగా?

మామయ్య: ఉంది. దాని బ్యాటరీ ఎప్పుడు చేతులెత్తేస్తుందో దానికే తెలియదు. నువ్వు పుట్టకముందు సంగతి చెప్తా విను. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు బయోస్‌ను సాఫ్ట్‌వేర్‌తో మార్చే వీల్లేదు. మార్చాలంటే చిప్పు పీకి వేరే చిప్పు పెట్టాల్సిందే. తర్వాత ఫ్లాష్ చిప్పులొచ్చాయి, కంప్యూటర్లోంచే తిరగరాయొచ్చు అన్నారు. అందరూ మెచ్చుకున్నారు. 1998లో తైవాన్ విద్యార్థి ఒకడు ఆ సదుపాయంతోనే సీఐహెచ్ అనే వైరస్ రాశాడు. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీకి, 1999 ఏప్రిల్ 26న అది పేలింది. హార్డ్ డిస్క్ మొదటి భాగాన్ని చెరిపింది. కొన్ని రకాల బోర్డుల్లో బయోస్‌ను కూడా చెత్తతో నింపేసింది. ఆ రోజుల్లో చిప్పు సాకెట్లో ఉండేది కాబట్టి సరిపోయింది. అలాంటి బోర్డే ఇంకోటి ఆన్ చేసి, అది నడుస్తుండగానే మంచి చిప్పు పీకి, చచ్చిన చిప్పు దూర్చి, రాసి బతికించేవాళ్లం. ఇప్పుడు చిప్పును బోర్డుకే అతికించేస్తున్నారు. క్లిప్పు తగిలించి ప్రోగ్రామర్‌తో రాయాలి. ఆ క్లిప్పు పళ్లు చిప్పు కాళ్లకి సరిగ్గా అంటుకుంటే నా అదృష్టం.

మేనకోడలు: నువ్వు చెప్పిన భయాలన్నీ నిజాలే. కానీ ఆ భయానికి బోర్డు కంపెనీలు కూడా జవాబు వెతికాయి. ఈ బోర్డు వెనక చిన్న బటన్ చూడు. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వాళ్లు చెప్పిన పేరుతో ఫైలు పెట్టి, రాసి ఉన్న యూఎస్‌బీ పోర్టులో గుచ్చి, ఆ బటన్ నొక్కితే చాలు. ప్రాసెసర్ లేకపోయినా, ర్యామ్ లేకపోయినా బోర్డు తనంతట తానే చిప్పు రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ నొక్కొచ్చు. ఈ సదుపాయం లేని బోర్డు మీద నీ మాటకి బరువు ఎక్కువ. ఈ బోర్డు మీద తక్కువ.

మామయ్య: బటన్ మీద నాకు నమ్మకం లేదని కాదు. రాయడం సరిగ్గా అయినంత మాత్రాన రాసినది మంచిదైపోతుందా? 2018 జనవరి గుర్తుందా? స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అని ప్రపంచమంతా గోల. ప్రాసెసర్లోనే లోపం, వెంటనే అప్‌డేట్ చెయ్యండి అన్నారు. చేసినవాళ్లలో కొందరి కంప్యూటర్లు వాటంతట అవే రీస్టార్ట్ అవడం మొదలుపెట్టాయి. జనవరి 22న ఇంటెల్ వాళ్లే, ఆ అప్‌డేట్‌లోని మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపల నడిచే కోడ్, ఇంక ఎక్కించకండి, ఆపండి అన్నారు. ఆ నెలాఖరుకి, అందులో ఒక భాగాన్ని పని చెయ్యకుండా ఆపడానికే మైక్రోసాఫ్ట్ ఇంకో అప్‌డేట్ వదిలింది. తొందరపడి చేసినవాడు రెండుసార్లు చేశాడు. నాలా కూర్చున్నవాడికి ఏమీ కాలేదు.

మేనకోడలు: అది వచ్చిన రోజే ఎక్కించడానికి వ్యతిరేకంగా చెప్పే మాట. ఎన్నటికీ ఎక్కించకపోవడాన్ని అది సమర్థించదు.

మామయ్య: ఇంకోటి. కొత్తది అంటే అన్నీ ఎక్కువే ఉంటాయనుకుంటారు జనం. ఏఎండీ వాళ్ల ఏఎం4 బోర్డులే తీసుకో. చాలావాటిలో బయోస్ చిప్పు 16 ఎంబీలే. 2020లో కొత్త రైజెన్ ప్రాసెసర్లకి చోటు చాలక, కొన్ని బోర్డులకి పాత ప్రాసెసర్ల కోడ్ తీసేసి కొత్త బయోస్ ఇచ్చారు. పాత ప్రాసెసర్ పెట్టుకున్నవాడు ఇంటర్నెట్‌లో అన్నిటికంటే కొత్తది వెతికి ఎక్కించుకుంటే స్క్రీన్ రాదు. వెనక్కి పోదామన్నా కొన్ని వెర్షన్లు పోనివ్వవు. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె.

మేనకోడలు: ఆ సంగతి డౌన్‌లోడ్ పేజీలో రాశారు మామయ్యా. చదవకపోవడం ఎవరి తప్పు?

మామయ్య: చదివితే ఏముంటుంది? "సిస్టమ్ స్టెబిలిటీ మెరుగుపరిచాం." ప్రతి వెర్షన్ కిందా అదే ముక్క. ఏం చెడింది, ఏం బాగుచేశారు, మా మిషన్‌కి అది కావాలా వద్దా అని ఒక్క మాట ఉండదు. ఏం మారుస్తున్నారో చెప్పనివాడి చేతిలో ఆ చిప్పు ఎందుకు పెట్టాలి?

మేనకోడలు: ఈ మాట మాత్రం ఒప్పుకుంటాను. ఆ నోట్సు రాసేవాళ్లని తిట్టేటప్పుడు నన్నూ కలుపుకో. కానీ కొన్నిసార్లు వివరంగా కూడా రాస్తారు. ఈ బోర్డు పేజీ చదివాను. అందులో కారణం ఉంది.

మామయ్య: భద్రతేగా? నీ ఉద్యోగం అదేగా మరి. కానివ్వు.

మేనకోడలు: దాంతోనే మొదలుపెడతాను. 2018లో ఈసెట్ అనే భద్రతా సంస్థ లోజాక్స్‌ను బయటపెట్టింది. బయోస్ చిప్పులో కాపురం పెట్టి, నిజంగా దాడుల్లో దొరికిన మాల్వేర్ అది. విండోస్ తీసి మళ్లీ వేసినా పోదు, హార్డ్ డిస్క్ మార్చినా పోదు. 2023 మార్చిలో బ్లాక్‌లోటస్ అనే ఇంకో మాల్వేర్ నిజంగానే ఉందని తేలింది. నమ్మదగిన కోడ్‌నే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా దాటుకుని పోయేది. అదే ఏడాది డిసెంబరులో లోగోఫెయిల్. కంప్యూటర్ ఆన్ అయినప్పుడు కంపెనీ బొమ్మ వస్తుంది చూడు, ఆ బొమ్మ ఫైలును చదివే కోడ్‌లోనే లోపాలు దొరికాయి. ఏఎంఐ, ఇన్‌సైడ్, ఫీనిక్స్, ఈ మూడు పెద్ద కంపెనీల బయోస్‌లలోనూ ఉన్నాయి. దానికి మందు కొత్త బయోస్ ఒక్కటే.

మామయ్య: లోజాక్స్ ఎవరి మీద పడింది?

మేనకోడలు: తూర్పు యూరప్, బాల్కన్ దేశాల ప్రభుత్వ కార్యాలయాల మీద.

మామయ్య: మన తెనాలిలో పెళ్లి ఆల్బమ్ మీద కాదుగా. ఆ లోగో సంగతి కూడా చూడు. బొమ్మ మార్చాలంటే ముందు వాడికి ఈ కంప్యూటర్లో అడ్మిన్ హక్కు ఉండాలి. అంత హక్కు దొరికినవాడు ఫోటోలకి తాళం వేసి డబ్బులడుగుతాడు గానీ, బయోస్ దాకా పోయి అవస్థపడతాడా?

మేనకోడలు: అడ్మిన్ హక్కు దొరకడం అంత కష్టమేం కాదు. ఈ కుర్రాడు వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సగం క్రాక్ చేసినవే. ఎక్కించేటప్పుడు యాంటీవైరస్ ఆపి, అడ్మిన్ హక్కు తనే ఇచ్చి ఉంటాడు.

మామయ్య: అయితే క్రాకులు తీసెయ్యమని చెప్పు. ఫోటోలు ఇంకో డిస్కులోకి కాపీ తీసుకోమని చెప్పు. వాడికి బయోస్ అప్‌డేట్ కంటే ఆ రెండూ వంద రెట్లు మేలు.

మేనకోడలు: నిజమే. బ్లాక్‌లోటస్‌కు అడ్డం వేసే పని కూడా ఎక్కువగా విండోస్ అప్‌డేట్ ద్వారానే జరుగుతుంది. ఈ మిషన్ వరకూ భద్రత పేరుతో నిన్ను ఒప్పించను. మా కంపెనీ ల్యాప్‌టాప్ అయితే ఇంత తేలిగ్గా వదలను, అది వేరే సంగతి. నేను చదివిన కారణం ఇది కాదు.

మామయ్య: మరి ఏంటది?

మేనకోడలు: ముందు ఒకటి అడుగుతాను. బయోస్ పని ఎప్పుడు అయిపోతుంది?

మామయ్య: విండోస్ చేతికి మిషన్ అప్పగించగానే.

మేనకోడలు: అక్కడే మన లెక్కలు తేడా. ప్రాసెసర్‌కి ఎంత కరెంటు ఇవ్వాలి, ఎంత వోల్టేజీ వరకూ పోనివ్వాలి అనేవి బయోస్ పెట్టిన హద్దులు. ప్రాసెసర్ లోపల నడిచే మైక్రోకోడ్‌ను కూడా ప్రతిసారీ మొదట ఎక్కించేది బయోసే. మిషన్ నడుస్తున్నంతసేపూ ఆ లెక్కలు నడుస్తూనే ఉంటాయి. లెక్క తప్పితే చిప్పే పోతుంది. 2023 ఏప్రిల్‌లో ఏఎండీ రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్లోనే కాలిపోయాయి. ర్యామ్ వేగం పెంచే సెట్టింగు పెడితే బోర్డులు ఎస్ఓసీ వోల్టేజీని మరీ పైకి తీసుకుపోయేవి. 1.3 వోల్టులు దాటకుండా హద్దు పెట్టారు. ఆ హద్దు వచ్చింది బయోస్ అప్‌డేట్‌లోనే.

మామయ్య: ఇది ఏఎండీ కాదుగా.

మేనకోడలు: కాదు. ఇది ఇంటెల్ 13వ తరం ఐ9. దీనిది ఇంకా పెద్ద కథ. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు, ముఖ్యంగా ఐ9లు, గేముల్లో ఆగిపోతున్నాయని 2024 మొదట్లో గొడవ పెద్దదైంది. ముందు తప్పు బోర్డుల మీద పడింది. 253 వాట్ల హద్దు ఉన్న ప్రాసెసర్‌కి కొన్ని బోర్డులు 4096 వాట్లని పెట్టి అమ్మాయి. అంటే హద్దే లేదని. ఆ సంగతీ నిజమే, కానీ అసలు జబ్బు అదొక్కటే కాదు. మైక్రోకోడ్‌లో తప్పు వల్ల ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని జులైలో ఇంటెల్ ఒప్పుకుంది. ఆ వోల్టేజీకి, వేడికి కోర్‌లోని క్లాక్ సర్క్యూట్ మెల్లమెల్లగా అరిగిపోతుంది. ఆగస్టులో 129 అనే మైక్రోకోడ్ ఇచ్చారు, వోల్టేజీ 1.55 దాటి అడక్కుండా. సెప్టెంబరులో 12బి, 2025 మేలో 12ఎఫ్. ఇవన్నీ బోర్డు కంపెనీల బయోస్‌ల ద్వారానే వచ్చాయి. ఈ మిషన్ బయోస్ 2023ది. అంటే ఈ మూడింటిలో ఒక్కటీ ఇందులో లేదు.

మామయ్య: అది గేములాడే కుర్రాళ్ల గొడవ అనుకున్నానే. ఇది నా దగ్గర బాగానే నడుస్తోంది.

మేనకోడలు: నీ జాబ్‌కార్డు పుస్తకం తియ్యి. ఈ మిషన్ ఇదివరకు ఎందుకొచ్చింది?

మామయ్య: ఇదిగో. మొదటిసారి గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ ఎక్కడం లేదని. ఎన్నిసార్లు వేసినా సగంలో ఫైలు పాడైందని వచ్చేది. విండోస్ మొత్తం కొత్తగా వేశాను, ఎక్కింది. ఇంకోసారి, కస్టమర్లు పంపిన జిప్ ఫైళ్లు తెరుచుకోవడం లేదన్నాడు. ఫోన్లో తెరుచుకుంటున్నాయి, ఇందులో లేదు. ర్యామ్ తీసి తుడిచి పెట్టాను.

మేనకోడలు: బాగైందా?

మామయ్య: కొన్నాళ్లు బాగైందన్నాడు. రెండర్ మధ్యలో సాఫ్ట్‌వేర్ మూసుకుపోతోందని ఇవాళ కూడా అంటూనే ఉన్నాడు. క్రాక్ వాడితే అంతేరా అన్నాను.

మేనకోడలు: క్రాక్ వల్ల కూడా కావచ్చు. కానీ కుదించిన ఫైలును విప్పేటప్పుడు తప్పులు రావడం, డ్రైవర్ సగంలో ఆగడం, పెద్ద బరువు పడ్డప్పుడు ప్రోగ్రాము మూసుకుపోవడం, ఈ ప్రాసెసర్ల జబ్బుకి జనం చెప్పిన గుర్తులు సరిగ్గా ఇవే. నువ్వు ఇందాక నడుస్తున్నదాన్ని కెలకొద్దన్నావు. ఆ సూత్రం మంచిదే. దానికి ముందు నడుస్తోందో లేదో చూసుకోవాలి. ఆన్ అవడం, ఆఫ్ అవడం చూసి నడుస్తోందని రాసేసుకున్నాం.

మామయ్య: ఉండుండు. నువ్వు చెప్పిన దాంట్లోనే చిక్కుంది. అరిగిపోతుందన్నావు. అరిగిన చిప్పుని కొత్త బయోస్ బాగుచేస్తుందా?

మేనకోడలు: చెయ్యదు. ఇంటెల్ కూడా చేస్తుందని చెప్పలేదు. అప్‌డేట్ ముందు ముందు అరక్కుండా కాపాడేదే.

మామయ్య: అయితే జబ్బు చేసిన చిప్పు జబ్బుతోనే ఉంటుంది. నువ్వు అప్‌డేట్ చేశాక వోల్టేజీ తగ్గి, ఏవో కొన్ని తప్పులు కొన్నాళ్లు అణిగాయనుకో. కుర్రాడు బాగైందనుకుంటాడు. వారంటీ గడువు దాటాక మళ్లీ మొదలవుతుంది. అప్పుడు వాడికి దిక్కెవరు? నా పద్ధతిలో జబ్బు పైకి కనపడుతూ ఉంటుంది. నీ పద్ధతిలో దాక్కుంటుంది.

మేనకోడలు: మంచి ప్రశ్న వేశావు. నేను దీన్ని ఆలోచించలేదు. అయితే వరస మారుద్దాం. ముందు అప్‌డేట్ కాదు, పరీక్ష. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ప్రోగ్రాములో ఇప్పుడున్న మైక్రోకోడ్ నంబరు చూసి ఫోటో తీద్దాం. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ తప్పులు ఎప్పటెప్పటివి ఉన్నాయో రాద్దాం. ఒక పెద్ద జిప్ ఫైలును మళ్లీ మళ్లీ విప్పిస్తే తప్పు వస్తుందో రాదో తెలిసిపోతుంది. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగు తీసి మామూలు వేగంలో కూడా చూద్దాం, తప్పు దానిది కాదని తేలాలిగా. అవన్నీ కాగితం మీద పెట్టాకే బయోస్. ఆ తర్వాత అవే పరీక్షలు మళ్లీ. అప్పటికీ తప్పు వస్తే ప్రాసెసర్ మార్చమని ఇంటెల్‌ను అడగడమే. పెట్టెతో కొన్న ఈ ప్రాసెసర్లకి మామూలు మూడేళ్ల మీద ఇంకో రెండేళ్లు వారంటీ పెంచారు. 2023లో కొన్నాడు కాబట్టి 2028 దాకా ఉంది. బిల్లు ఉందేమో అడుగు.

మామయ్య: ఒకవేళ వాళ్లు కొత్త ప్రాసెసర్ ఇస్తే?

మేనకోడలు: దాన్ని ఈ పాత బయోస్ మీదే బిగిస్తావా? అదీ అరగడం మొదలుపెడుతుంది. ఎటు తిప్పి చూసినా ఈ బోర్డుకి అప్‌డేట్ తప్పదు.

మామయ్య: సరే, ఈ ఒక్కదానికి ఒప్పుకుంటా. కానీ నువ్వు అప్‌డేట్ అని ఒక్క ముక్కలో అనేశావు, దాని వెనక పనేంటో విను. బయోస్ మారితే సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. ర్యామ్ వేగం, ఫ్యాన్లు, ఏ డిస్కు నుంచి బూట్ అవ్వాలి, అన్నీ. ముందే ఒక్కో పేజీ ఫోనులో ఫోటో తీసుకోవాలి. డిస్కు మోడ్ మారితే విండోస్ నీలం స్క్రీన్ చూపిస్తుంది. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ఇంకా ప్రమాదం. బయోస్ మారగానే టీపీఎం చిప్పుకి ఇది వేరే మిషన్లా కనపడుతుంది. 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఆల్బమ్‌లన్నీ గోవిందా.

మేనకోడలు: అందుకే ముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపి, కీ ఎక్కడుందో చూసుకుని మొదలుపెట్టాలి. విండోస్ 11లో చాలామందికి అది ఆన్ అయిందనే తెలియదు. కీ వాళ్ల మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఆ ఖాతా పాస్‌వర్డ్ మర్చిపోయి ఉంటారు.

మామయ్య: ఇంకా ఉంది. రాయడం అయ్యాక మొదటిసారి ఆన్ చేస్తే డీడీఆర్5 ర్యామ్ తన లెక్కలు చూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. స్క్రీన్ నల్లగా ఉంటుంది. ఆ కంగారులో పవర్ ఆపేసి బోర్డులు చెడగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి వచ్చారు. తర్వాత ఇంటెల్ హద్దులు పెడితే రెండర్ కొంచెం నెమ్మదిస్తుంది. "మీ దగ్గరికి తెచ్చాక స్లో అయింది" అని వాడు నా మీదకే వస్తాడు.

మేనకోడలు: హద్దు లేకుండా నడిచిన వేగం దాని సొంత వేగం కాదని చెప్పు. ముందూ వెనకా ఒకే వీడియో రెండర్ చేసి సమయం రాసి పెట్టు. కాగితం చూపిస్తే వాదన ఉండదు.

మామయ్య: కాగితంతో వాదన ఆగే కస్టమర్‌ని నువ్వింకా చూడలేదు. సరే, ఆ ర్యాక్ మీద చూడు. కిరాణా కొట్టు బిల్లింగ్ మిషన్. పాత హెచ్61 బోర్డు, దాని కంపెనీ వాళ్లు దాన్ని ఎప్పుడో మర్చిపోయారు. దానికీ అప్‌డేటేనా?

మేనకోడలు: అక్కర్లేదు. ఎక్కించడానికి కొత్తదేం లేదు, ఉన్నా వాడికి పనికొచ్చేదేం ఉండదు. డేటా కాపీ ఒకటి తీసిపెట్టు చాలు.

మామయ్య: ఆ పక్కన ఆడిటర్ గారి ల్యాప్‌టాప్? దానికి విండోస్ అప్‌డేట్‌లోనే బయోస్ కూడా వచ్చి కూర్చుంది. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకున్నారు. పొద్దున లేచేసరికి బయోస్ మారిపోయింది. అదృష్టం బాగుండి సరిగ్గానే అయింది. అసలు నన్నడక్కుండా నా మిషన్ చిప్పు తిరగరాయడానికి వాళ్లెవరు?

మేనకోడలు: ఆయన ఎన్నడూ బోర్డు పేజీ తెరవరు, నోట్సు చదవరు. ఆయన దగ్గర ఊళ్లోవాళ్ల పాన్ నంబర్లు, ఆదాయం లెక్కలు ఉంటాయి. అలాంటి మిషన్‌కి దానంతట అది రావడమే మేలు. సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లే తీసుకో. 2011లో ఇచ్చినవాటి గడువు 2026 జూన్ నుంచి మొదలుపెట్టి తీరిపోతుంది. కొత్తవి ఎక్కువ మిషన్లకి విండోస్ ద్వారా వస్తాయి, కొన్నిటికి ముందు బయోస్ కొత్తది ఉండాలి. ఇదంతా ఆయన చూసుకుంటారా?

మామయ్య: చూసుకోరు. నా దగ్గరికి తెస్తే నేను చూస్తాను. చెప్పి చెయ్యడం వేరు, నిద్రలో చెయ్యడం వేరు. దీంట్లో నీకూ నాకూ పొత్తు కుదరదు.

మేనకోడలు: కుదరక్కర్లేదు. ఈ స్టూడియో మిషన్ సంగతి తేల్చు చాలు. ఆషాఢంలో నాలుగు రోజులు మిగిలాయి. వాడికి ఖాళీ ఉండేది ఇప్పుడే. శ్రావణంలో చెయ్యమన్నా నేను వద్దంటాను.

మామయ్య: తేల్చేశా. వాడికి ఫోన్ చేస్తా. అడిగింది ఎస్‌ఎస్‌డీ, కనపడింది ఇది, ఇదీ జబ్బు, ఇదీ మందు, ఇందులో ఇంత ప్రమాదం ఉందని చెప్తా. ముందు ఫోటోలన్నీ కాపీ తీసుకోమంటా. వాడు ఊఁ అంటేనే. జాబ్‌కార్డు మీద కారణం రాసి సంతకం పెట్టించుకుంటా. కారణం రాయలేని అప్‌డేట్ ఈ షాపులో చెయ్యను.

మేనకోడలు: దానికి నాదొకటి కలుపు. కారణం ఉందో లేదో వెతక్కుండా మిషన్ పంపించను అని కూడా రాయి.

మామయ్య: వెతికిన కూలి ఎవరిస్తారే?

మేనకోడలు: ఒకసారి విండోస్ వేసి, ఇంకోసారి ర్యామ్ తుడిచి తీసుకున్నావే, ఆ కూలి ఎవరిచ్చారు?

మామయ్య: వాడే. సరేలే, పరీక్షలకి డబ్బులు తీసుకోను. అప్‌డేట్‌కి మాత్రం తీసుకుంటా. ప్రాసెసర్ మారితే అది బిగించినందుకు కూడా తీసుకుంటా. నువ్వు ఆ పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చెయ్యి, నేను వాడికి ఫోన్ కలుపుతా.